మా ఎర్రావు రుచి చూడడానికి పోయిన రోజు

అది రెండువేల మూడో సంవత్సరం వేసవి. నా తోటికోడలు రెండువేల నాలుగు అంటుంది, ఎవరు అడిగినా ఇప్పటికీ అలాగే చెబుతుంది. అది తప్పు. అప్పుడు చూలుతో ఉన్న మా ఎర్రావుకు పుట్టిన పెయ్య, రెండువేల నాలుగులో మేము బావి పూడిక తీయించినప్పుడు కూలీల సంగటి మూట తినేసింది. పుట్టకముందే తినలేదు కదా.

కుందారపల్లిలో మాది మెట్ట సేద్యం. ఆ ఏటికి ముందు వానలు సరిగా పడలేదు, రాగి గడ్డి వామి అడుగుకు వచ్చింది. ఇంట్లో పశువుల మేత, పాల లెక్క నావి. కొనడం, అమ్మడం తోటికోడలి భర్త, మా మరిదివి. ఆయన ఒక రోజు అన్నం తింటూ, ఆదివారం బేరగాడు వస్తాడు, ఎర్రావును చూపిస్తాను అన్నాడు. ఉన్న గడ్డి రెండు ఆవులకు సరిపోతుంది, మూడోదానికి చాలదు. ఆయన లెక్క సరిగ్గానే ఉంది. నాకు కోపం వచ్చింది అందుకే.

ఎర్రావు పుట్టిన కొద్ది రోజులకే దాని తల్లి చచ్చిపోయింది. సీసాతో పాలు పట్టి నేనే పెంచాను. దానివల్ల దానికి ఒక పాడు అలవాటు వచ్చింది. తవుడు కానీ, గానుగ చెక్క కానీ, కొత్తది ఏది పెట్టినా నేను ముందు నోట్లో వేసుకుంటే గాని అది ముట్టదు. ఊరికే నటిస్తే కుదరదు. నా దవడ కదలాలి, గొంతు కూడా కదలాలి. అది చూస్తూ ఉంటుంది.

హోసూరులో ఒక షావుకారి ఇంటి కుర్రవాడు చిన్న బీరు ఫ్యాక్టరీ పెట్టాడని పాల సొసైటీలో విన్నాను. పెద్ద కంపెనీల మాదిరి కాదు, రకానికి కొంచెం చొప్పున తయారుచేసి బెంగళూరులో కొన్ని హోటళ్ళకు పంపేవాడట. బార్లీ ఉడికించి రసం తీసుకున్నాక మిగిలే పిప్పిని పశువులకు అమ్ముతాడు, తవుడు కంటే బాగా చవక అన్నారు. మా ఇంట్లో సారాయి మాటే నిషిద్ధం. ఈ సంగతి చెప్పగానే తోటికోడలు లెంపలు వేసుకుంది. మరిది మాత్రం కాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు. పిప్పి దొరికి, ఎర్రావు దాన్ని తింటే ఇంట్లో ఉంటుంది. తినకపోతే ఆదివారం బేరం.

రోడ్డు మీది ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాను. కుర్రవాడు మర్యాదగానే మాట్లాడాడు. వానలు పడే దాకా కావలసిన పిప్పికి ముందే మాట ఇవ్వాలి, లేకపోతే డెయిరీ వాళ్ళకు ఇచ్చేస్తాను అన్నాడు. పశువు నోట పెట్టి చూడకుండా మేత కొనే వాడుక మా ఇంట్లో లేదని చెప్పాను. గానుగ దగ్గర చెక్క కొన్నా అంతే. ముందు ఒక గంప పంపమన్నాను.

అతను నవ్వాడు. “గంపల్లో పంపేది లేదమ్మా. అంత అనుమానముంటే ఆవునే పిల్చుకోని రాండి. శనివారం రాండి.”

అతను తమాషాకు అంటున్నాడని నాకు తోచలేదు. న్యాయమైన మాటే అనుకున్నాను.

శనివారం టెంపోలో ఆవును ఎక్కించుకొని బయలుదేరాము. తోటికోడలు కూడా వచ్చింది. ఆవుకు తోడుగా కాదు. అక్కడ నేను ఏమైనా నోట్లో పోసుకుంటానేమో చూసి రమ్మని మరిది పంపాడు.

ఫ్యాక్టరీ వెనక గేటు ముందు పైపుల కోసం గుంత తవ్వి ఉంది. పిప్పి పోసే తొట్టికి పోవాలంటే ముందు గేటులో దూరి, బీరు తయారయ్యే షెడ్డు మధ్య నుంచే పోవాలి. కాపలాదారు లోపలికి ఫోన్ చేశాడు. శనివారం అని వచ్చినవాళ్ళందరినీ పంపమన్నారట. లోపలికి పోయేవాళ్ళు తలకు టోపీ, కాళ్ళకు ప్లాస్టిక్ తొడుగులు వేసుకోవాలి, అది రూలు. అతను మా ఇద్దరి వైపూ ఆవు వైపూ వేలు చూపించి, ముగ్గురు అని లెక్కపెట్టి ఆరు తొడుగులు ఇచ్చాడు.

“నీ లెక్క తప్పప్పా,” అన్నాను. “ఎనిమిది కావాల.”

అతను వంగి ఆవు కాళ్ళు చూసి, మనసులో కూడుకొని, ఇంకో రెండు తెచ్చి ఇచ్చాడు. ఆవు టోపీ సంగతి ఇద్దరం ఎత్తలేదు.

లోపల బెంగళూరు నుంచి వచ్చిన ఆఫీసు వాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. బీరు ఎలా చేస్తారో చూసి, అన్ని రకాలూ రుచి చూసి పోవడానికి వచ్చారట. కుర్రవాడు పెద్ద స్టీలు తొట్టి మీద చెయ్యి వేసి ఏదో వివరిస్తున్నాడు. మమ్మల్ని చూడగానే తొట్టి మీది చెయ్యి తీసేశాడు. ఆ గుంపులో ఒకామె, ఆవు కూడా మీ ఏర్పాటేనా అని అడిగింది. అతను నన్ను చూశాడు, ఆవు కాళ్ళ తొడుగులు చూశాడు, అవునన్నాడు.

ఇక వాళ్ళ వెనకే నడిచాము. ఒక తొట్టిలో ఉడికించి రసం తీస్తారు, పిప్పి అప్పుడే వేరైపోతుంది. ఆ తర్వాతే రసాన్ని ఇంకో తొట్టిలో పోసి పులియబెడతారు. ప్రతి మలుపు దగ్గరా వాళ్ళకు చిన్న గాజు గ్లాసులో గుక్కెడు పోసేవారు. వాళ్ళు దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, వాసన పీల్చి, నాలుక తడి చేసుకొని ఒక మాట చెప్పేవారు. ఒకాయన నారింజ తొక్క అన్నాడు. ఒకామె మాడిన రొట్టె అన్నది.

“ఇంతసేపు మూతి పెట్టి చూసేదే గాని తాగేది లేదేమక్కా,” అని తోటికోడలు నా చెవిలో అన్నది. “వీళ్ళ కంటే మన ఊరోళ్ళే మేలు. గుటకేసి పొయ్యి పండుకుంటారు.”

పులిసే తొట్టి పక్కన ఎర్రావు పేడ వేసింది. తోటికోడలు దాని కాలి తొడుగు ఒకటి ఊడదీసి, అందులోకి శుభ్రంగా ఎత్తింది. ఆఫీసు వాళ్ళు దాన్ని కూడా శ్రద్ధగా చూశారు.

చివరికి పిప్పి తొట్టి దగ్గరికి చేరాము. కుర్రవాడు ఒక గంపెడు పిప్పి ఆవు ముందు పెట్టించాడు. ఆవిరి వస్తోంది. ఎర్రావు వాసన చూసి ముఖం తిప్పుకుంది.

నారింజ తొక్క ఆయన తన గ్లాసు మెల్లగా కింద పెట్టాడు. అది చూసి ఇంకొకరు పెట్టారు.

కుర్రవాడు నా పక్కకు వచ్చాడు. “ఏమమ్మా, నీ ఆవు నా పరువు తీస్తా ఉంది.”

“నీ పరువు సంగతి నాకు తెలీదప్పా. ఇది తినకుంటే రేపు బేరగానితో పోతాది. నా భయం అది.”

ఎర్రావు నా నోటి వైపే చూస్తోంది. తోటికోడలికి అర్థమైంది, నా మణికట్టు పట్టుకుంది. “వద్దక్కా. ఇంటికి పోయినాక ఆయప్ప అడిగితే నేను అబద్ధం చెప్పలేను.”

“అబద్ధం చెప్పమని ఎవురన్నారు? నమిలినాదని చెప్పు. మింగినాదని కూడా చెప్పు.”

పిడికెడు తీసి నోట్లో వేసుకున్నాను. ఉప్పూ బెల్లమూ వేయకుండా పొట్టుతో వండిన సంగటిలాగా ఉంది, వెనక కొంచెం తీపి. మొదటి పిడికిలికి ఎర్రావు నమ్మలేదు. రెండోదానికి చెవులు కదిలించింది. మూడోది నా గొంతు దిగడం చూసి, గంపలో మూతి పెట్టింది. ఇక ఎత్తలేదు.

ఆఫీసు వాళ్ళు చప్పట్లు కొట్టారు. తర్వాత మాకూ పెట్టమని అడిగారు. కుర్రవాడు ఏమీ తోచక గాజు గ్లాసుల్లోనే తలా కొంచెం పిప్పి వేయించాడు. నారింజ తొక్క ఆయన కళ్ళు మూసుకొని చాలాసేపు నమిలి, పొద్దున్నుంచి చూసిన వాటిలో ఇదే బాగుందన్నాడు. కుర్రవాడు ఆ మాట విని, తలవంచుకొని పిప్పికి మాట ఖాయం చేశాడు. టెంపో నిండా మూటలు వేయించాడు.

గేటు దగ్గర కాపలాదారు తొడుగులు తిరిగి లెక్కపెట్టుకున్నాడు. ఏడు వచ్చాయి. ఎనిమిదోది కావాలా అని తోటికోడలు చేతిలోది చూపించింది. వద్దన్నాడు.

ఇంటికి వచ్చాక మరిది అంతా విన్నాడు. అయినా పిలిచిన మనిషిని ఊరికే పంపకూడదు, ధర ఎంత చెబుతాడో విందాం అన్నాడు. బేరం మళ్ళీ మొదటికి వచ్చింది. ఆదివారానికి ఎండకు మూటలు కొంచెం పులిశాయి. బేరగాడు వచ్చేసరికి ఎర్రావు గాడిలో తల పెట్టుకొని తింటోంది. పళ్ళు చూడడానికి అతను దాని నోరు తెరిచి, ఆ వాసనకు చటుక్కున వెనక్కి జరిగాడు.

“ఏమప్పా, ఈ యావు తాగుతాదా?”

మరిది నా వైపు చూశాడు. అబద్ధం చెప్పలేని తోటికోడలు గడపలో నిలబడి ఉంది. “అదొగటే ఏమి,” అన్నది. “ముందు అక్క తినినాకనే అది తినింది.”

బేరగాడు నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూశాడు. తువ్వాలు దులుపుకొని భుజం మీద వేసుకొని వెనుదిరిగాడు. పిప్పి వేరు చేశాకే రసాన్ని పులియబెడతారు, పిప్పిలో సారాయి ఉండదు, నేను కళ్ళారా చూసి వచ్చాను అని చెప్పడానికి నోరు తెరిచాను. కాపలాదారు లెక్క సరిచేసినదాన్ని, తోటికోడలు చెప్పే సంవత్సరాన్ని ఇప్పటికీ సరిచేస్తున్నదాన్ని. ఆ ఒక్కసారి నోరు మూసుకున్నాను. అతను సందు మలుపు తిరిగే దాకా మూసుకునే ఉన్నాను.