దొన నీళ్ల అర్జీ

కరువు తీరిన ఏడు ఆత్మకూరు బడి పిల్లలను కార్తీక వనభోజనానికి ఉదయగిరి కొండకు తీసుకుపోదలిచాను. అది సర్కారు అడవి. పరవానా లేనిదే అక్కడ పొయ్యి వెలిగించరాదు. అడవి కచేరీ గుమాస్తా మద్రాసులో నాతో రసాయనశాస్త్రం చదివినవాడు. నీళ్లున్నట్టు రుజువు చూపితే దొర చేత సంతకం చేయిస్తానన్నాడు.

నీళ్లు చూపినవాడు మర్రిపాడు వైపు మేకల కాపరి. బండల నడుమ వాననీరు నిలిచే దొన అది. కరువంతా తన మేకలు ఆ నీళ్లతోనే బతికాయన్నాడు. ఒకరి నోటిమాట నాకు చాలదు. బండ మీద గీత గీసి ఇరవై రోజులు కొలిచాను. నీరు రెండు వేళ్లే తగ్గింది.

"కొలిచినారు గదా, కాగితంలో మాత్రం రాయబాకండి అయ్యవారూ," అన్నాడు కాపరి.

"రాయకుంటే పరవానా రాదు. చదివేవాడు నా స్నేహితుడే."

"మీకు స్నేహితుడు. నా మేకలకు కాదే!" అని నవ్వాడు.

అర్జీకి జతగా దొన పటం గీశాను. 'కరువులోనూ ఎండలేదని కాపరి సాక్ష్యం; నా కొలతలు దానిని ఖండించడం లేదు' అని జాగ్రత్తగా రాశాను. పరవానా వచ్చింది. పిల్లలు ఉసిరిచెట్టు కింద కడుపునిండా తిన్నారు. కాపరి పాలు తెచ్చి పోశాడు.

వేసవిలో దండోరా వేశారు: ఆ దొన ఇకపై దొరల వేట విడిదికే; పశువులు, మేకలు దాని దరి చేరరాదు.

కచేరీకి పోయాను. బల్ల మీద నా పటమే ఉంది. నా సంతకం ఉండవలసిన చోట స్నేహితుడి సంతకం ఉంది.

"నన్నొక్కమాట అడగలేదే?"

"అర్జీ ఇచ్చినాక అది కచేరీది. నీ పిల్లకాయలు తినలేదా? ఏందిరా ఈ రాద్ధాంతం!" అన్నాడు, ఫైలు మూస్తూ.

మరునాడు కాపరి, దొన దగ్గర అంటించిన ప్రకటన కాగితం ఊడబెరుక్కుని మా వాకిటికి వచ్చాడు. చదవమన్నాడు. 'కరువులోనూ ఎండని నీరు' అన్న చోట ఆపించాడు.

"ఇది నేను చెప్పిన మాటే గదా?"

"మీదే."

"మీ అర్జీలో నా మేకల మాట రాసినారా?"

పిల్లల సంఖ్య రాశాను. పొయ్యిల సంఖ్య రాశాను. నీటి లోతు రాశాను.

"లేదు," అన్నాను.

అతడు కాగితాన్ని నా చేతిలోనే వదిలి, మేకలను బద్వేలు దారికి మళ్లించాడు.