రెండోసారి అన్న మాట

జూన్ నెల, మొదటి ఆదివారం, ఉదయం. మా అపార్ట్‌మెంటు బేస్‌మెంటు.
హాజరైనవారు: సంఘం కార్యదర్శి హెగ్డే, నా పక్క స్లాటు కిరణ్, కిరణ్ నాన్న, తీరిక ఉండి దిగివచ్చిన ఇళ్ళవాళ్ళు కొందరు, నేను.

ఆ రోజు డైరీలో ఈ వరుసల కింద "గొడవ తేలింది. కిరణ్ క్షమాపణ చెప్పాడు" అని రాసి మూసేశాను. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఒక్క రోజు తప్పకుండా డైరీ రాస్తున్నవాణ్ణి. రాసింది అబద్ధం కాదు. కానీ ఆ క్షమాపణ నాకు చెందేది కాదు. చెందదని తెలిసే తీసుకున్నాను. అప్పటి నుంచి దాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళయితే ఓదారుస్తారు. నాకు ఓదార్పు అక్కర్లేదు.

కిరణ్ మంచివాడని చెప్పడానికి ఇది రాయడం లేదు. వాడంటే నాకు అప్పుడూ గిట్టదు, ఇప్పుడూ గిట్టదు. కారు గీత దాటించి నా వైపు పెట్టేవాడు. అడిగితే చెవుల్లోంచి పాటలు వినే ఆ తెల్ల ముక్కలు తీయకుండానే "ఓకే అంకుల్" అనేవాడు. వాడిది బాపట్ల అవతల సముద్రపు ఒడ్డు. మాది ఇక్కడికి దగ్గరే, ఆనేకల్ వైపు. మా ముత్తాతల కాలం నుంచి ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం. నేను నోరు తెరిస్తే వాడి పెదవి మీద ఒక నవ్వు వచ్చేది. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళు చాలామంది మా మాట విని అలాగే నవ్వుతారు.

గొడవ మొదలైంది ఒక చిన్న పని దగ్గర. కారు ముందు అద్దానికి కింద, వైపర్ల దగ్గర, గాలి లోపలికి పోయే నల్ల ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది. దాని కింద సన్నటి వల బిగించి ఉంటుంది. నా పాత కారుకు అది ఎండకు పెళుసెక్కి పొడిపొడిగా రాలిపోయింది. బయట ఆపితే కానుగాకులు లోపలికి పోయి కుళ్ళుతున్నాయి. బేస్‌మెంటులో ఎలుకలు సరేసరి. షోరూములో పట్టీ మొత్తం మార్చాలన్నారు. నాకు నవ్వొచ్చింది. కిటికీలకు దోమల వల వేయించినప్పుడు మిగిలిన అల్యూమినియం ముక్క ఇంట్లోనే ఉంది. వైపర్లు విప్పి, పట్టీ ఊడదీసి, అట్టముక్క మీద కొలత గీసుకుని, వలను అంచుల దగ్గర ఒక మడత ఎక్కువ ఉండేలా కత్తిరించాను. ఆ మడత లేకపోతే తీగ కొసలు ప్లాస్టిక్‌ను కోసేస్తాయి. సోల్డరింగ్ ఐరన్‌తో ప్లాస్టిక్‌ను అక్కడక్కడ కరిగించి వలను అందులోకి అదిమాను. చక్కగా కూర్చుంది.

ఈ వలను మా ఇంట్లో జాలరి అంటాం. కన్నడంలోనూ అదే మాట. కిటికీకి వేసేది జాలరి, కాలువకు అడ్డం పెట్టేది జాలరి. పుట్టినప్పటి నుంచి నాకు ఆ మాటకు ఇంకో అర్థం తెలియదు. ఇంత వయసు వచ్చి, ఇన్ని తెలుగు పుస్తకాలు చదివి, తెలియకపోవడమేమిటి అంటారా? చదివే ఉంటాను. నాలుక మీదికి ఆ అర్థం ఎప్పుడూ రాలేదు.

పని అవుతుండగా కిరణ్ కారు తీయడానికి దిగాడు. వాడి పట్టీ కిందా వల చినిగి వేలాడుతోంది. నా చేతిలో మిగిలిన ముక్క ఉంది. ఆ ఒక్క నిమిషం నాలో వాడి మీద ఏ చెడ్డ ఆలోచనా లేదు. ఇది మాత్రం నమ్మండి.

"ఏమప్పా కిరణ్, నీ జాలరి ముసల్దైపోయిండాది. పీకి అవతల పారెయ్," అన్నాను.

వాడి వెనక ఒక పెద్దాయన ఉన్నాడు. పంచె, చొక్కా, చేతిలో పాల ప్యాకెట్లు. కొడుకు దగ్గరికి కొత్తగా వచ్చినట్టున్నాడు. నవ్వుతూ ముందుకొచ్చాడు.

"జాలరినే బాబూ. ముసలోణ్ణే. పీకి పారేయమాకండి, నెల తిరిగేసరికి నేనే పోతా. అయినా ఎట్టా కనిపెట్టారండీ, మొహాన రాసుందా?"

నాకు ఏమీ అర్థం కాలేదు. కిరణ్ మొహం మాత్రం నల్లబడింది. వాళ్ళ నాన్నది ఆక్వా బిజినెస్ అని వాడు అందరికీ చెప్పుకున్నాడని తరువాత తెలిసింది. ఆ ఉదయం తెలిసింది వాడి అరుపే.

"మా నాన్నని కులం పెట్టి పిలుస్తారా? హౌ డేర్ యు అంకుల్. ముందు తెలుగు నేర్చుకోండి. సగం కన్నడం, సగం మొరటు. మీదీ ఒక తెలుగేనా?"

లిఫ్టు దగ్గర జనం ఆగి చూశారు. పెద్దాయన "ఊరుకోరా, ఆయన నన్నేం అన్నాడనీ" అంటూ కొడుకు చెయ్యి పట్టుకున్నాడు. మా అమ్మ మాట్లాడిన భాషను ఒకడు పదిమందిలో మొరటు అన్నాడు. నాకు గుర్తున్నది అదొక్కటే.

ఇంటికి వెళ్ళి నిఘంటువు తీశాను. జాలరి అంటే చేపలు పట్టేవాడు. మా ఆవిడ విని నవ్వింది. "అంతేనా? పోయి చెప్పి రాండి. ఒక్క మాటతో అయిపోతాది," అంది.

నిజమే, ఒక్క మాటతో అయిపోయేది. ఎందుకు వెళ్ళలేదు? వాడు నా భాషను అన్న మాటకు ముందు వాడే రావాలనుకున్నానా? లేక చేతికి దొరికిన ఆ రెండర్థాల మాటను వదులుకోవడం ఇష్టం లేకపోయిందా? పడ్డ మాటకు బదులు ఇవ్వడానికి అంత నునుపైన రాయి మళ్ళీ దొరకదని నాకు ఆ సాయంత్రమే తెలుసు. దాన్ని వారమంతా జేబులో పెట్టుకుని తిరిగాను.

తరువాతి ఆదివారం కిరణ్ తన కారు కడిగిస్తున్నాడు. వాళ్ళ నాన్న పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నేను నా కారు బానెట్ ఎత్తాను. చేయవలసిన పనేమీ లేదు. జాలరి వేసి వారమైంది, శుభ్రంగా ఉంది. నలుగురు లిఫ్టు దిగే దాకా ఆగాను. తల ఎత్తి, పెద్దాయన మొహంలోకి చూసి, గట్టిగా అన్నాను.

"థూ, ఏం జాలరప్పా ఇది. ఎంత కడిగినా కంపు పోదు."

కిరణ్ వచ్చి నా చొక్కా పట్టుకున్నాడు. బొత్తాం తెగింది. పట్టుకుంటాడనే నేను అన్నాను.

ఆ మధ్యాహ్నానికే హెగ్డే వచ్చే ఆదివారం సమావేశం అని నోటీసు పెట్టాడు. మొదట రాసిన ఆదివారం అదే. నేను మిగిలిన వల ముక్క తీసుకుని వెళ్ళాను. పైకెత్తి చూపించాను. "దీన్ని ఏమంటారో మీరే చెప్పండి," అన్నాను. హెగ్డే వెంటనే "జాలరి" అన్నాడు. ఇంకో ఇద్దరు తలలూపారు. ఎవరో నవ్వారు. ఎలుక చచ్చి కంపు కొట్టిందన్నాను. ఎవరూ అడగకుండానే ఆ ఎలుకను నేనే పుట్టించాను. వయసులో పెద్దవాడి మీద చెయ్యి వేయడమేమిటని అందరూ కిరణ్ మీద పడ్డారు. వాడు తల వంచుకుని, తడబడుతూ, "సారీ అంకుల్. మీ తెలుగు నాకు తెలీదు. తప్పు నాదే," అన్నాడు. "పోనీలేప్పా," అన్నాను. ఎంత హాయిగా అన్నానో.

అందరూ వెళ్ళాక పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు. ఈసారి నవ్వు లేదు. కోపమూ లేదు.

"బాబుగారూ, మొదటిసారి మీరు కారుని చూసి అన్నారు. రెండోసారి నన్ను చూసి అన్నారు."

"మా భాషలో అంతేనప్పా," అన్నాను.

"ఉండనీండి. మావాడికి మాత్రం చెప్పమాకండి. నన్ను చెప్పుకోటానికి వాడికి ముందే సిగ్గు. మీరు కావాలనే అన్నారని తెలిస్తే ఆ సిగ్గు సబబేనని ఖాయం చేసుకుంటాడు."

వల ముక్క చుట్టుకుని పైకి వెళ్ళిపోయాను.

కిరణ్ తరువాత కుందలహళ్ళి వైపు ఇల్లు మారాడు. పెద్దాయన ఉన్నాడో లేడో నాకు తెలియదు. ఆయన వద్దన్నాడు కాబట్టే చెప్పలేదని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది ఆయన కొడుకు కోసం వేసుకున్న అడ్డు. దాని వెనక నేను దాక్కున్నాను. కిరణ్ నోటిదురుసు గురించి ఎంత చెప్పినా ఆ ముసలాయన నన్నేమీ అనలేదు. ఆయన చేసిన తప్పు ఒక్కటే, నా మాటకు నవ్వుతూ పలకడం.

ఇంత రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది. దీన్ని క్షమాపణ అనుకోకండి. అది అడగడానికి ఇప్పుడు ఎదుట ఎవరూ లేరు. ఇక సమావేశం మరుసటి ఉదయం ఒక్కటి మిగిలింది. డైరీలో ఆ పేజీలో "కిరణ్ కారుకు వల వేశాను" అని మాత్రమే రాశాను.

పాల కోసం దిగితే కిరణ్ కారు దగ్గర ఉన్నాడు. పెద్దాయన కాళ్ళ దగ్గర సంచి ఉంది. ఉండాల్సిన నెల ఉండకుండానే ఊరికి బయలుదేరాడు. కిరణ్ నన్ను చూసి మొహమాటంగా దగ్గరికి వచ్చాడు. రాజీ కుదుర్చుకునే మర్యాద వాడి మొహంలో మొదటిసారి చూశాను.

"అంకుల్, ఇంకా టైముంది. మీరు చెప్పారుగా... ఆ జాలరి. నాక్కూడా వేసిపెడతారా?"

కాదనడానికి కారణం దొరకలేదు. పనిముట్లు తెచ్చాను. వలను కత్తిరించాలంటే రెండో కొస ఎవరైనా పట్టుకోవాలి. కిరణ్ ఫోనులో ఉన్నాడు. పెద్దాయన లేచి వచ్చి పట్టుకున్నాడు. బిగువుగా, సమంగా పట్టుకున్నాడు. మా ఇద్దరి మధ్యా అది సాగి ఉంది. నేను కత్తెర మీద నుంచి చూపు ఎత్తలేదు.

పట్టీ మళ్ళీ బిగించాక కిరణ్ వంగి చూశాడు.

"మొత్తానికి జాలరి అంటే ఇదన్నమాట, నాన్నా."

పెద్దాయన సంచి భుజాన వేసుకున్నాడు.

"అదేరా. ఇంకేమీ కాదు," అన్నాడు. తరువాత నా వైపు తిరిగాడు. "కాదు గదండీ?"

"కాదప్పా," అన్నాను.