నా క్యూ మీద సారు పూయించిన వార్నిష్

చెప్పకుండ చెయ్యకుండ ఒకరి వస్తువు మీద చెయ్యేసేటోళ్లను చూస్తె నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతది. మళ్ల మంచికే చేసినమని పళ్లికిలిస్తరు చూడు, అప్పుడింకా మండుతది.

నేను నల్లగొండల ఒక సర్కారు ఆఫీసుల జూనియర్ అసిస్టెంటును. మా ఊరు నార్కట్‌పల్లికి ఇవతల. ఆఫీసు ఐదింటికి వదిలితె మా ఊరి బస్సు ఏడింటికి. ఆ నడుమ బస్టాండుల కూసొని దుమ్ము తినుడెందుకని ఉద్యోగుల క్లబ్బుకు పోవుడు మొదలుపెట్టిన. అక్కడ స్నూకర్ బల్ల ఉన్నది, నేర్చుకున్న. ఆడమనిషి బల్ల మీదికి వంగి ఆడుడేందని మొదట్ల మూతులు తిప్పిండ్రు. తిప్పి తిప్పి మెడలు నొచ్చి ఊకున్నరు.

బంతిని కొట్టే కట్టెను క్యూ అంటరు. మూడేండ్లు క్లబ్బు కట్టెలతోనే ఆడిన. అన్నీ వంకర కట్టెలే, బల్ల మీద దొర్లిస్తె ఎగిరెగిరి పడ్తుండె. ఆఖరికి హైదరాబాద్ పోయి నాకు నేను ఒక క్యూ కొనుక్కున్న. తెల్లకట్టె, పొడుగునా సన్న గీతలు. ఎడమ చేతి వేళ్ల సందుల నుంచి జారుతాంటె సప్పుడు గూడ వచ్చేది కాదు. ఇంట్ల నాకంటూ ఒక అల్మారా లేదు. ఇది నాది అని నోరు తెరిచి చెప్పుకున్న మొదటి వస్తువు అదే. బస్సు రద్దీల మోసుకపోలేక క్లబ్బుల ఒక మూలకు పెట్టి పోయేదాన్ని.

మా సెక్షన్ సూపరింటెండెంటు సారే క్లబ్బుకు సెక్రటరీ గూడ. నా కట్టె కనిపిస్తె చాలు, "తీస్కుంటున్ననమ్మా" అననన్న అనడు, పట్టుకొని ఆడుడే. నేను బెంచీ మీద కూసొని ఎదురుచూసుడే. "సార్, అది నాది" అనే మాట నోటిదాక వచ్చేది. ఆయన సంతకం లేంది నా సెలవు చీటీ గూడ కదలదు. మింగుకొని కూసుందును.

ఎండకాలంల ఉద్యోగుల ఆటల పోటీలు పెడుతున్నరంటె పేరిచ్చిన. మా క్లబ్బు నుంచి ఆడమనిషిని నేనొక్కదాన్నే. పోటీ ఇంకా పదిహేను దినాలుందనంగ, చుట్టాల పెండ్లికి పోయి మూడు దినాలకు తిరిగొచ్చిన. చూస్తె నా కట్టె ధగధగ మెరుస్తాంది. క్లబ్బు కుర్చీలకు వార్నిష్ కొట్టించుకుంట, మిగిలింది నా కట్టెకు పూయించిండట! "ఎట్లుందమ్మా? పెండ్లిపిల్ల లెక్క తయారు చేయించిన. థ్యాంక్స్ చెప్పవా?" అని సారు నవ్వుతాండు. చెప్పిన. నా నోటితోనే చెప్పిన! ఇప్పటికీ తల్చుకుంటె నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తది.

వంగి ఒక్క దెబ్బ కొట్టి చూసిన. చెమట వేళ్లు, మీద వార్నిష్. కట్టె జారదాయె. వేళ్లకు అతుక్కొని ఆగి ఆగి పోతాంది. బంతి ఒక దిక్కు, నా చూపు ఒక దిక్కు. పోటీల పరువు పోవుడు తర్వాతి సంగతి, అసలు నా కట్టె నాది కాకుండ పోయింది. ఆ దినమే బస్సుల నిలబెట్టుకొని ఇంటికి తెచ్చిన.

మా నాయిన నలభై ఏండ్లు గొర్లు కాసిండు. కట్టెను చూసి కండ్లు చిట్లించి, "దీనికి ఊపిరాడకుండ చేసిండ్రు గదనే" అన్నడు. కానీ ముట్టుకోలే. గొర్లకాడి మనుషుల్ల ఒక రివాజున్నది. ఒకని కట్టె ఇంకొకడు అడగకుండ ముట్టడు. మందకాడ కట్టెలన్నీ ఒక్క జాగల ఆనిచ్చి ఉంటయి. తన కట్టె మీద వేరేవాని కట్టె పడితె, దాన్ని జరపడానికి గూడ ఆ మనిషిని పిలిచి అడుగుతరు. "గీకన్నా బిడ్డా?" అని మా నాయిన నన్నడిగిండు. కన్నబిడ్డను! కట్టెను ఆయన చేతుల్ల పెట్టిన.

పగిలిన అద్దం ముక్క తీసుకొని, దాని అంచును కట్టెకు అడ్డంగ పెట్టి, పొడుగునా ఒకటే తీరుగ గీకిండు. వార్నిష్ పొట్టు పొట్టుగ లేచి ఆయన ఒళ్లె పడ్డది. వెనుకనుంచి నేను సన్న ఉప్పు కాయిదంతోని రుద్దుకుంట పోయిన. కొనకాడ ఎక్కువ రుద్దితె సన్నబడిపోతదని ఫోన్ల వీడియో చూసి తెలుసుకున్న, అక్కడ పైపైననే పోనిచ్చిన. రెండు దినాలకు తెల్లకట్టె బయటపడ్డది. ఇగ అవిసె నూనె పెట్టుడే మిగిలింది. డబ్బా తెచ్చి కిటికీల పెట్టిన.

మర్నాడు ఆఫీసుల ఫైళ్ల నడుమ ఉంటె నాయిన ఫోన్ చేసిండు. "బిడ్డా, కట్టెకు నూనె పెట్టన్నా?"

"ఆ, పెట్టు పెట్టు" అని ఫోన్ కట్ చేసిన.

ఇంటికొచ్చి చూద్దును గదా, కట్టెను రేకుల మీద ఎండల పండుకోబెట్టిండు. దాని నిండ ఆముదం! గొర్లకట్టెకు పెట్టినట్టు దిట్టంగ, కారేటట్టు. కట్టెకు నూనె అంటె మావోళ్లకు ఆముదమే. కిటికీల ఉన్న డబ్బా దీనికేనని ఆయనకెట్ల తెలుస్తది? ఆముదమాయె, ఎన్ని దినాలైనా ఆరదు. దుమ్ము పట్టి వార్నిష్ కంటె అధ్వానంగ తయారైంది. "ఇదేమన్న గొర్లు కాసే కట్టె అనుకున్నవా!" అని వాకిట్ల నిలబడి ఒర్రిన. పక్కింటోళ్లు బయటికొచ్చి చూసిండ్రు.

"అడిగితి గదనే, పెట్టుమంటివి" అన్నడు నాయిన.

నిజమే. అడిగిండు. విననిది నేను. ఏ నూనెనో ఒక్క మాట చెప్పడానికి నాకు తీరలే. సారుకు థ్యాంక్స్ చెప్పిన ఇదే నోరు నాయిన మీదికి మాత్రం మస్తు లేచింది. నా మీద నాకే థూ అనిపించింది.

ఎండకు కట్టె వంగలే, అదొక్కటి నా అదృష్టం. టర్పెంటు గుడ్డతోని తుడిచి తుడిచి ఆ జిడ్డు వదిలించేసరికి తలపాణం తోకకొచ్చింది. మళ్ల ఉప్పు కాయిదం పట్టిన. ఈసారి నాయినను పక్కన కూసోబెట్టుకొని చూపించిన. అవిసె నూనె గుడ్డకు నాలుగు సుక్కలే. పలుచగ రుద్దాలె, జరసేపాగి మిగిలిందంత తుడిచెయ్యాలె, నీడలనే ఆరబెట్టాలె. "గింత పిసినారితనం నేనెన్నడు చూడలే, కట్టెకు గొంతు తడవనన్న తడవదు" అన్నడు. దినానికొక పూత చొప్పున నాలుగు పూతలు పెట్టినం. ఆఖరి పూత ఆరినంక, "రుద్దన్నా?" అని అడిగి ఉత్త అరచేతితోని వేడి పుట్టేదాక రుద్దిండు. పొద్దున వేళ్ల నడుమ పెట్టి చూస్తె, నేను కొన్నప్పటి కంటె నున్నగ జారింది.

ఆదివారం పోటీల మొదటి ఆట గెలిచిన, రెండోది ఓడిన. కట్టె తప్పేం లేదు, నల్లబంతి కాడ నేనే తొందరపడ్డ. బయటికొస్తాంటె సారు ఎదురొచ్చిండు. "ఏందమ్మా, మెరుపంత గీకిచ్చినవా? ఇటియ్యి చూద్దాం" అని చెయ్యి చాపిండు.

"ఇయ్య సార్" అన్న.

నవ్వులాట అనుకున్నడు. చాపిన చెయ్యి అట్లనే ఉన్నది. "ఇది నాది సార్. ఇగ ముట్టొద్దు" అన్న. చుట్టూ ఉన్నోళ్లు ఇటు తిరిగిండ్రు. సారు మొఖం గంటు పెట్టుకొని, "నేను ముట్టుకుంటె అరుగుతదా?" అన్నడు. "అరిగింది సార్, మీరు పూయించింది గీకేసరికి" అన్న. కట్టెను సంకల పెట్టుకొని బస్టాండు దిక్కు నడిచిన.

ఇంటికొచ్చినంక నాయినకు రొట్టె పెట్టుకుంట అంతా చెప్పిన. మెచ్చుకుంటడనుకున్న. ఆయన తినుడాపి, "ఇయ్యకపోతివా బిడ్డా, పెద్దసారు గద" అన్నడు. సారు మీద గూడ రానంత కోపం వచ్చింది నాకు.

"నలభై ఏండ్లల్ల ఎవ్వని కట్టెనన్న అడగకుండ ముట్టినవా నాయినా?"

"ఎట్ల ముడత?"

"మరి ముట్టేటోని దిక్కు మాట్లాడుతవేంది?" అని గట్టిగనే అడిగిన.

నాయిన తలకాయ వంచుకొని రొట్టె తుంచిండు, నోట్ల పెట్టుకోలే.

"కొలువైతే పోదు గద?" అన్నడు.