ఓబమ్మ చేయించిన గంగపూజలు

మా ఊళ్లో సగం మందిని భూమ్మీదికి తెచ్చింది మంత్రసాని ఓబమ్మే. వాళ్లలో బాంబులు వేసేవాళ్లూ ఉన్నారు, వేయించుకునేవాళ్లూ ఉన్నారు. "తలలు బయటికి లాగింది నేనే గానీ, లోపల ఏముండాదో చూసి లాగలేదప్పా" అనేది. మొగుడు ఇరవై ఏళ్ల కింద దావణగెరె మిల్లులో పనికని పోయి మళ్లీ రాలేదు. అయినా బొట్టు తీయలేదు. "సచ్చినాడని ఎవురన్నా కాగితం తెచ్చినారా?" అని అడిగేది.

వరుసగా మూడో ఏడు శెనక్కాయ పంట ఎండిన సంవత్సరమది. పంచాయితీ కుర్చీ కోసం మీది వీధి గంగాధర, కింది వీధి దొడ్డన్న కొట్టుకున్నారు. నాటు బాంబులు పేలి ఇద్దరికి చేతులు పోయాయి. కుర్చీకి మాత్రం గీత కూడా పడలేదు. అంతటితో ఆగక గంగాధర మనుషులు ట్రాన్స్‌ఫార్మరు ఫీజులు పీకి తీసుకుపోయారు. బోరు మోటారు ఆగింది. ట్యాంకు ఎండింది. ఊరంతా కొళాయిలు ఒట్టిపోయాయి. మీది వీధికి గంగాధర తోటలో పాత బావి ఉంది, మమ్మల్ని అటు రానివ్వరు. మా కింది వీధికి దిక్కు మైలు దూరంలో వంక ఇసుకలో తవ్విన చెలమ. అక్కడ మాకంటే ముందు గొర్రెలు తాగుతాయి. లైన్‌మన్ ఒకసారి వచ్చాడు. కొడవళ్లు పట్టుకుని నిలబడ్డవాళ్లను చూసి, సైకిల్ దిగకుండానే వెనక్కి తిప్పుకున్నాడు.

పన్నెండో రోజుకు వీధిలో పిల్లలందరికీ విరేచనాలు పట్టుకున్నాయి. ఓబమ్మ ఎదురింటి చిక్కన్న రెండేళ్ల కూతురు పోయింది. దానికి స్నానం చేయించడానికి నాలుగిళ్లు తిరిగి నాలుగు చెంబుల నీళ్లు తెచ్చాం. ఆ రోజు ఓబమ్మ ఎవర్నీ తిట్టలేదు. నాకు భయమేసింది.

ఆమె ఇంట్లో కోడలు లక్ష్మీదేవమ్మ పదకొండు రోజుల బాలింత. చెలమ నీళ్లు తాగి ఆమెకూ విరేచనాలు. పాలు తగ్గిపోయాయి. పసివాడి నోరు తెరుచుకుంటోంది గానీ గొంతు లేవడం లేదు.

మా వైపు పురుడు తీరాక బాలింత బావికి పసుపు కుంకుమ పెట్టి గంగపూజ చేస్తుంది. వెంట వచ్చిన ఐదుగురు ముత్తైదువలు ఐదు బిందెలు నింపుకుంటారు. బాలింతను అడ్డుకుంటే బావి ఎండిపోతుందని నమ్మకం. బాంబులకు భయపడని మగాళ్లు కూడా దీనికి భయపడతారు.

మరునాడు పొద్దున్నే ఓబమ్మ కోడలి చేతిలో పసుపు పళ్లెం పెట్టి గంగాధర బావికి నడిపించింది. ఐదో బిందె నాది. "నాకింకా పెళ్లి కాలేదు గదా?" అన్నాను. "తల వంచుకో, ఎవురూ చూడరు" అంది. అది నేను రోజూ చేసే పనే.

బావి దగ్గర కాపలా గంగాధర మనిషి వెంకటరాముడు. పళ్లెం చూసి పక్కకు తప్పుకోవడమే కాదు, చెప్పులు కూడా విడిచాడు.

రెండో రోజు ఓబమ్మ హనుమక్కను బాలింతగా తెచ్చింది. హనుమక్క కొడుకు అప్పటికి రెండో తరగతి. మూడో రోజు ముగ్గురు బాలింతలు, పదిహేను బిందెలు. నాలుగో రోజు ఓబమ్మే తలలో పూలు పెట్టుకుని పళ్లెం పట్టుకుంది.

"నువ్వెప్పుడు కన్నావవ్వా?" అన్నాడు వెంకటరాముడు.

"ముప్పై ఏండ్లాయ. అప్పుడు పూజ చెయ్యల్యా. మొన్న గంగమ్మ కలలోకొచ్చి అడిగింది."

"ఇన్నేండ్లు ఆయమ్మకు గుర్తుకు రాల్యా?"

"ఆమెకు నీ మాదిరి పనీపాటా లేదనుకున్నావా?"

మేం నవ్వు ఆపుకోలేకపోయాం. అతను కొడవలి చేతులు మార్చుకున్నాడు. "గంగాధరన్న నన్ను నరుకుతాడవ్వా."

"నరకనీ. నువ్వు అడ్డం తిరిగి కాళ్లతో వచ్చినోడివి. ఆ పొద్దు రెండు బిందెల ఉడుకునీళ్లు పట్టింది నీకు. ఆ రెండు బిందెలు నాకియ్యి, నేను పోతా."

అతను కొడవలి గట్టు మీద పెట్టి, తనే చేద అందుకున్నాడు.

ఆ తర్వాత కింది వీధిలో బాలింత కాని ఆడది మిగల్లేదు. వారానికల్లా గంగాధర ఇంటి బిందెలోకి బురద వచ్చింది. ఆయన వచ్చి బావిలోకి తొంగి చూశాడు.

"బాలింతల్ని అడ్డుకుంటేనే గదా బావి ఎండేది? మేం అడ్డుకోలేదే!"

"అడ్డుకుంటే ఎండుతాదన్నారు నాయనా. అడ్డుకోకుంటే ఎండదని ఎవురు చెప్పినారు?" అంది ఓబమ్మ.

ఇప్పుడు ఆయన వీధికీ చెలమే గతి. మధ్యాహ్నానికి ఫీజులు వాటి చోటికి చేరాయి. దొడ్డన్న వర్గం దాన్ని తమ గెలుపని చెప్పుకుని టపాకాయలు కాల్చింది. ఓబమ్మ వాళ్లనూ తిట్టింది.

కాచి చల్లార్చిన బావి నీళ్లతోనే లక్ష్మీదేవమ్మ తేరుకుంటూ వచ్చింది. కొళాయిలు వచ్చిన మూడో రోజుకు పాలు నిండుగా పడ్డాయి. కడుపు నిండిన పసివాడు, నీళ్లు పోస్తుంటే వీధంతా వినబడేలా ఏడ్చాడు.

"ఏడువురా, ఇంకా గట్టిగా ఏడువు" అంటూ ఓబమ్మ ఇంకో చెంబు పోసింది.

ఎదురింటి గడపలో చిక్కన్న పెళ్లాం కూర్చుని ఇటే చూస్తోంది. నేను లేచి ఓబమ్మ ఇంటి తలుపు దగ్గరికి వేశాను.