గుట్ట ఎత్తు, సూర్యుడి దిక్కు

2024 డిసెంబరు 21, శనివారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. నాచారంలో పొగమంచు, గాలి లేదు. మా ఇంట్లో బల్లమీద ఫోను స్పీకర్‌లో ఉంది. అవతల పాలమూరు దిక్కు పొలంలో నా బావమరిది, అతని వెనక ఇంజను ఆపని జేసీబీ.

ఆ పొలంలో ఏ కాలానివో తెలియని పదకొండు నిలువురాళ్ళు ఒకే వరుసలో ఉన్నాయి. పీర్జాదిగూడలో ప్లాట్లు అమ్మే బావమరిది ఆ నేలను చదును చేయదలచాడు. ఏడాదిలో అతి చిన్న పగలైన ఈ రోజున, వరుస మొదట్లో నిలబడి చూస్తే సూర్యుడు కొస రాయికి సూటిగా, ఎదుటి గుట్టమీద పొడుస్తాడని నేనన్నాను. అలా పొడిస్తే రాళ్ళ జోలికి పోనని, లేకుంటే లేపేస్తానని అతనన్నాడు. ఉప్పల్‌లో సర్వే ఉద్యోగం చేసి రిటైరైన నాకు అంకెలే ఆధారం. అంతరిక్షం నుంచి రాడారుతో కొలిచిన ఎత్తులను కంప్యూటర్‌లో పరచి, గుట్టమీద సూర్యోదయం ఆరు యాభై రెండుకని తేల్చాను.

ఆరు నలభై ఆరుకే బావమరిది అరిచాడు.

"బావా! సూర్యుడు ఎక్కనే ఎక్కిండు. గది గూడ కొస రాయికి ఎడమ దిక్కు. నీ కంప్యూటర్ ఇంకా నిద్ర లేవనట్టుంది!"

"గుట్ట శిఖరానికి ఎడమనా?"

"శిఖరం యాడిది? కంకర క్రషరోళ్ళు ఎన్నడో కొట్టుకపోయిన్రు. డ్రైవరన్నా, షురూ జెయ్!"

నేను వాడిన రాడారు ఎత్తులు 2000 ఫిబ్రవరిలో కొలిచినవి. పటం ఉండగా గుట్ట సంగతి ఎవరినీ అడగాలని తోచలేదు. కానీ గుట్ట తరిగినంత మాత్రాన సూర్యుడి దారి మారదు.

"ఆరు నిమిషాలు ఆగు. సూర్యుడు ఎక్కుతూ కుడికి జరుగుతాడు. పాత శిఖరమంత ఎత్తుకు వచ్చేసరికి ఎక్కడుంటాడో చూడు."

"ఆగుడేంది బావా, మిషన్ ఇంకో ఊరికి పోవాలె."

నా భార్య ఫోను లాక్కుంది. "ఏమ్రా, మీ బావ ఉమ్రంతా భూమి కొలిసిండు. జరసేపు నిలబడితె నీ కాళ్ళు ఇరుగుతయా?"

ఇంజను హోరులో ఒక రాయి కూలిన చప్పుడు. కాసేపటికి మరొకటి. నేను గడియారం నుంచి చూపు తిప్పలేదు.

"యాభై రెండు," అన్నాను.

"బావా..." అతని గొంతు తగ్గింది. "కొస రాయి నెత్తిమీదనే ఉన్నడు." వెంటనే కేక: "బంద్ జెయ్! బంద్ జెయ్ అంటున్న, అన్నా!"

ఇంజను ఆగింది.

ఆ వరుసను విడిచి చుట్టూ మాత్రమే చదును చేయించాడు. నడుమ పెకలించిన రెండు రాళ్ళూ విరిగాయి. తిరిగి నిలపడానికి పనికిరాలేదు. నిలిచి ఉన్నవి తొమ్మిది.