కొండలరావుగారి విరిగిన రికార్డు

"మిషను సూది మా అమ్మమ్మ గొంతును గీకేస్తే మళ్లీ ఎక్కడి నుంచి తెచ్చుకోను?"

గడపలో నిలబడి నేను అన్న మొదటి మాట ఇదే. పేరు కూడా చెప్పుకోలేదు. తలుపు తీసిన పెద్దాయన నా సంచినీ, చంకలోని ఏడాది పాపనీ చూశారు.

"ముందు పాపని దించమ్మా. సూది సంగతి తరవాత సూద్దాం."

ఆయన కొండలరావుగారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబం. రాయపూర్‌లో ముప్ఫై ఏళ్లు సిగ్నళ్లు బాగుచేసి రిటైరయ్యారు. పాత గ్రామఫోను రికార్డులను ఇంట్లోనే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలనుకునే వాళ్లకు ఏ మిషను కొనాలో చెబుతారు. తాను మాత్రం ఏదీ అమ్మరు.

నా సంచిలో ఉన్నది ఒకే రికార్డు. అరవై ఏళ్ల కిందట ఇక్కడి తెలుగువాళ్ల భజన బృందం కలకత్తా వెళ్లి పాడి తెచ్చుకున్నది. రెండో వైపు మా అమ్మమ్మ నాంచారమ్మ ఒక్కతే పాడిందట. నేను పుట్టకముందే పోయింది. ఆమె గొంతు ఇంకెక్కడా లేదు. అది మా పాప ఫణిశ్రీకి వినిపించాలి.

నేను ఎంచుకున్న మిషను ఫోనులో చూపించాను. సూట్‌కేసులా మూసుకునేది.

"బొమ్మలా బాగుంది. సూది బరువు తగ్గించుకోడానికి, దాన్ని మోసే చేయి వెనక దిమ్మ ఉందా?"

లేదు.

"అయితే నాగలి కొన్నట్టే. పాట వినబోయి దుక్కి దున్నెస్తావు."

తన మిషను మూత ఎత్తారు. తిప్పితే జరిగే దిమ్మ, సూది మోపే బరువును తూచే చిన్న త్రాసు చూపించారు. సూది దగ్గర నల్లటి రజను ఉంది.

"సిల్తారా ఫ్యాక్టరీల ఇనప దుమ్ము. లోపల అయస్కాంతం కదా, అంటుకుంటాది. మన ఊళ్లో మూత లేని మిషను కొనకూడదు."

నేను చదివిన ఏ సమీక్షలోనూ ఈ మాట లేదు. భయం పక్కకు జరిగి ప్రశ్నలు మొదలయ్యాయి. అమ్మమ్మ రికార్డు గాడి వెడల్పట, దానికి వేరే సూది కావాలట, నిమిషానికి డెబ్భై ఎనిమిది చుట్లు తిరిగే మిషనే పనికొస్తుందట.

ఆయన సూది మార్చేలోపు రికార్డు తుడుద్దామనుకున్నాను. అది కరోనా రెండో ఏడు. శానిటైజరు సీసా ఎప్పుడూ నా దగ్గరే. మూత తీశాను.

"అరె, రుకో! ఏటి సేస్తన్నావు?"

"స్పిరిటే కదా బాబాయిగారూ. తడి కూడా మిగలదు."

"రికార్డూ మిగల్దు."

సొరుగులోంచి విరిగిన రికార్డు ముక్క తీసి నా ముందు పెట్టారు. "దీని మీద పొయ్యి."

పోశాను. కాసేపటికి ముట్టుకుంటే వేలు అతుక్కుంది. గాళ్లు చెదిరిపోయాయి.

"ఇది వినైల్ ప్లాస్టిక్ కాదమ్మా, లక్క. నీ చేతికున్న గాజులు దేంతో సేసేరు?"

లక్క స్పిరిట్‌లో కరుగుతుందని ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. తల ఎత్తలేకపోయాను.

"సిగ్గెందుకు? ఈ ముక్క మా నాన్న రికార్డుది. స్పిరిట్ ఏసి తుడిచింది నేనే. అందుకే పారెయ్యలేదు."

పండరీ బట్టల బజారులో కొన్న ముఖమల్ పీలికతో అమ్మమ్మ రికార్డును పొడిగా తుడిచి, సూది దించారు. చిటపటల వెనక నుంచి సన్నటి గొంతు, మద్దెల కన్నా అర అడుగు ముందే పరుగెడుతూ వచ్చింది. ఫణిశ్రీ నోట్లోంచి వేలు తీసి మిషను వైపు చూసింది.

ఆయన చెప్పిన మిషనే కొన్నాను. మొదటి వారం దాని మీద అమ్మమ్మ రికార్డు కాదు, గీతలు పడ్డ వేరే పాత రికార్డే తిప్పాను. ఇప్పుడు పాప గౌను మీద మరక పడినా, అది తీసే కొత్త మందును ముందు మసిగుడ్డ మీదే వేస్తాను. ఆ రోజు గుమ్మం దాకా వచ్చి ఆయన అన్న మాట అలా నిలిచిపోయింది:

"భయపడి మానీకమ్మా. పోయినా పరవాలేని దాని మీద ముందు సేసి సూడు."