బాగుపడని చాకు

మా బావ లింగమూర్తి జేబులో ఒక మడత చాకు ఉంటుంది. అది కోయదు. ఉల్లిగడ్డను కోయదు, మామిడికాయను కోయదు, ఆఖరికి నూలు పోగును కూడా కోయదు. అందుకని బావ దానికి సామాన్లు కొంటూ ఉంటాడు. బీడీ ముట్టడు, పేక ముట్టడు. ఆదివారం వచ్చిందంటే మాత్రం చాకుకు స్ప్రింగు కొనకుండా ఉండలేడు.

సూరత్‌లో, ఉన్ అనే పేటలో మేముండే గల్లీ చివర కార్ఖానాలో ఇద్దరివీ పక్కపక్క మగ్గాలు. పోగు తెగితే బావ దర్జాగా చాకు తీస్తాడు. దాని వంక ప్రేమగా చూస్తాడు. మళ్ళీ జేబులో పెట్టుకుని నా వైపు చెయ్యి చాపుతాడు.

"మల్లేషూ, జర నీ కత్తెర ఇయ్యి."

మొదటి లాక్‌డౌన్ ఎత్తేసి మగ్గాలు మళ్ళీ ఆడడం మొదలయ్యాక ఈ పిచ్చి బాగా ముదిరింది. ఒక వారం స్ప్రింగు పోయేది. స్ప్రింగు వేయిస్తే పిన్ను ఊడేది. పిన్ను కొడితే పిడి పగిలేది. మా అక్క విజయరాణి రోజూ తలబాదుకునేది.

"ఏందయ్యా గా చాకు మీద మోజు? సడక్ మీద కొత్తయి కుప్పలు పోసి అమ్ముతున్నరు."

"కొత్తది తెస్తే ఇదేమనుకుంటది?"

"నేనేమనుకుంటున్ననో ఒక్కసారన్న అడిగినవా?"

బావ అడగలేదు. మాస్కు తగిలించుకుని జయంతికాకా దుకాణానికి బయలుదేరాడు, నన్ను వెంటేసుకుని.

కాకా గుజరాతీ పెద్దమనిషి. తాళాలు, గొడుగులు, కుక్కర్లు, చాకులు బాగుచేస్తాడు. కరోనా వచ్చాక ఒకరి వస్తువు ఇంకొకరు ముట్టుకోవడమే మానేశారు కాబట్టి ఆ దుకాణంలో ఈగలు కూడా దూరం పాటించేవి. బావ వెళ్ళగానే కాకా ముందు చాకు మీద శానిటైజర్ కొట్టేవాడు. తర్వాత బావ చేతుల మీద, ఆ తర్వాత తన చేతుల మీద. ఇన్ని స్నానాలు చేసి ఆ చాకు ఊళ్ళో అందరికన్నా శుభ్రంగా ఉండేది. అప్పుడు కాకా కళ్ళజోడు సర్దుకుని డబ్బాలన్నీ బోర్లించి, ఒక్క పిన్ను కోసం పొద్దంతా వెతికేవాడు. బావ ఎదురుగా స్టూలు మీద కూర్చుని, పెళ్ళికూతురి వాళ్ళ కబురు కోసం చూస్తున్నట్టు చూసేవాడు.

ఒక ఆదివారం మేమక్కడ ఉండగానే కాకా కొడుకు ఆల్థాన్‌లోని తన ఫ్లాట్ నుంచి స్కూటర్ మీద వచ్చాడు.

"పప్పా, గిరాకీ లేదు, రోగం మాత్రం ఉంది. దివాళీ దాకా చూస్తా. అప్పటికీ ఇంతే ఉంటే షటర్ దించేసి మా ఫ్లాట్‌కు వచ్చెయ్."

కాకా కళ్ళు చిన్నవైపోయాయి. నాలుగో అంతస్తులో టీవీ ముందు కూర్చోవడమంటే ఆయనకు జైలే. ఆ మాట మాతో చాలాసార్లు అన్నాడు.

"గిరాకీ ఎందుకు లేదు? లింగాభాయ్ చాకు పని నడుస్తోంది కదా! మధ్యలో వదిలేసి ఎలా వస్తాను?"

కొడుకు మా బావను కిందికీ మీదికీ చూశాడు. బావ చాకును రెండు చేతులతో పట్టుకుని, ప్రసాదం తీసుకున్నవాడిలా నిలబడి ఉన్నాడు. కొడుకు స్కూటర్ ఎక్కాడు.

దసరా వచ్చింది. ఆ రోజు మేం పనిముట్లు పూజలో పెడతాం. విరిగిన పనిముట్టు మాత్రం పెట్టకూడదు. "ఏటికొక్కనాడన్న గా చాకును పూజల పెట్టుకుందుమంటే మంచిగుండదాయె!" అని అక్క గొణిగింది. అక్క మీద జాలేసి, ముందురోజు బావ అంగీలోంచి చాకు కాజేసి మా కార్ఖానా ఫిట్టర్ చేతిలో పెట్టాను. ఆయన మగ్గానికి వేసే పిన్ను వేశాడు, మగ్గానికి వేసే స్ప్రింగు వేశాడు. అరటిపండు మీద పెడితే కింద పళ్ళెం కూడా తెగేటట్టు తయారుచేశాడు.

పొద్దున్నే అక్క దానికి బొట్టుపెట్టింది. బావ దండం పెట్టుకుని చాకు తెరిచాడు. టక్! బావ ముఖం మాడిపోయింది. నన్ను బయటికి లాక్కెళ్ళాడు.

"ఎవడు బాగు చెయ్యమన్నడురా నిన్ను?"

"పండుగని... అక్క కోసమని..."

"కాకా దుకాణానికి నేనొక్కడినే గిరాకీ. ఇగ నేనేం పట్టుకొని పోవాలె? ముసలాయన ఆ ఫ్లాట్ల కూసోని ఏం గావాలె? శనివారం శనివారం ఇనుప మొల పెట్టి పిన్ను నేనే లూజు చేస్తున్న. గంత కష్టపడి ఖరాబు చేసుకుంటే నువ్వు ఒక్క దినంల బాగుచేసి పెట్టినవ్!"

నవ్వూ వచ్చింది, బావ మీద పట్టలేనంత ప్రేమా వచ్చింది. ఇద్దరం తప్పుచేసిన పిల్లల్లా దుకాణానికి వెళ్ళాం. కాకా శానిటైజర్ కొట్టి, చాకు తెరిచాడు. టక్! ఆయన ముఖమూ అచ్చం అలాగే మాడిపోయింది. ఆ ముఖం చూడలేక బావ చాయ్ తెస్తానని జారుకున్నాడు.

కాకా నా మీదికి వంగి తన హిందీలో గుసగుసలాడాడు.

"ఎవడు చేశాడీ పని? నేను కావాలని వాడేసిన స్ప్రింగులే వేస్తున్నాను, వారం దాటి నిలవకుండా. పాపం లింగా, ఊరికి పోలేడు, గదిలో ఉండలేడు. ఆదివారం పూట పోవడానికి మనిషికి ఒక చోటుండాలి కదా! నాదేముంది, ఫ్లాట్‌లో హాయిగా ఉంటాను. అతని కోసమే ఈ షటర్ ఎత్తుతున్నాను."

ఫ్లాటంటే జైలన్న నోటితోనే ఈ మాట! ఇటు నుంచి ఒకరూ అటు నుంచి ఒకరూ పాడుచేస్తుంటే ఆ చాకు ఇన్నాళ్ళు చాకులా కనిపించడమే గొప్ప అనుకున్నాను. కాకా స్క్రూడ్రైవర్ దూర్చి ఒక్క తిప్పు తిప్పాడు. ఫట్!

అప్పుడే బావ చాయ్ గ్లాసులతో వచ్చాడు. "క్యా హువా కాకా?"

"స్ప్రింగ్ గయా, లింగాభాయ్. కొత్తది తెప్పించాలి. వచ్చే ఆదివారం రా."

"అయ్యయ్యో!" అన్నాడు బావ. చాయ్ తాగడానికి మాస్కు దించితే తెలిసింది, నవ్వు చెవుల దాకా ఉంది.

ఇంటికొచ్చాక బావ లేనప్పుడు అక్కకు జరిగిందంతా చెప్పాను. పండగపూట చాకు విరిగినందుకు తిడుతుందనుకున్నాను. అక్క మాత్రం నేరుగా వంటింట్లోకి వెళ్ళి, అప్పుడే పప్పు దించిన కుక్కర్ తుడిచి తెచ్చి నా ముందు పెట్టింది.

"వచ్చే ఐతారం గిది గూడ కాకా దగ్గరికి తీస్కపోండ్రి."

అటూ ఇటూ తిప్పి చూశాను. "ఏం ఖరాబైందక్కా దీనికి?"

"ఇయ్యాల ఏం గాలే," అంది అక్క. "ఐతారం లోపల అయితది."